నవ్వుతూ బండి నడిపిన కేసు

గవర్రాజు మీద పెట్టిన కేసు ఏమిటంటే, అతను బండి నడుపుతూ నవ్వాడు.

ఎవర్నో వెక్కిరిస్తూ కాదు, గట్టిగా కూడా కాదు. వేమవరపుపేట గడియారస్తంభం సెంటర్లో, పట్టపగలు పదకొండు గంటలకి, ట్రాలీ ఆటో నిండా కొబ్బరికాయలు వేసుకుని మార్కెట్ యార్డుకి వెళుతూ, ఒక్కడే, తనలో తాను, కింది పెదవి కొరుక్కుంటూ నవ్వాడు. స్తంభం మీది కెమెరా ఆ నవ్వుని నాలుగు ఫొటోలు తీసింది. నాలుగో దాంట్లో పన్ను కూడా కనిపించింది.

విచిత్రమేమంటే, ఈ చట్టం రావాలని ఊళ్ళో అందరికంటే ఎక్కువ కోరుకున్నవాడు గవర్రాజే. కిందటేడు ఒక పెద్దమనిషి మోటారుసైకిలు మీద ఫోనులో క్రికెట్ చూసుకుంటూ వచ్చి, రోడ్డు పక్కన నిలబడి టీ తాగుతున్న గవర్రాజుని గుద్దేశాడు. కుడికాలు విరిగింది. మూడు నెలలు మంచం మీదున్నాడు. గుద్దినాయనకి ఒక చీటీ రాసిచ్చి ఇంటికి పంపించారు. అదే వారం తాగి బండి నడిపిన ఇంకొకాయన, ఎవరినీ గుద్దకపోయినా, జైలుకి వెళ్ళాడు. ఆ తర్వాత పోలీసువారు పెట్టిన రోడ్డు భద్రతా సభలో గవర్రాజు చేతికర్ర మీద లేచి నిలబడి ఒక్కటే మాటన్నాడు.

"కాలికేం తెలుసండి, గుద్దినోడు తాగొచ్చేడో ఫోన్ చూసొచ్చేడో? ఇరిగింది ఒకటే ఇరగడం కదండీ!"

సభలో చప్పట్లు ఆగలేదు. వేదిక మీదున్న ట్రాఫిక్ డీఎస్పీ పరాత్పరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది.

'చిత్తచాంచల్యముతో వాహనము నడుపుట, మద్యపానము చేసి నడుపుటతో సర్వవిధముల సమానమైన నేరముగా పరిగణింపబడును.'

లైసెన్సు సస్పెన్షను, బండి స్వాధీనం, ఆదివారం భార్యాసమేతంగా కౌన్సెలింగు, అన్నీ సమానమే. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. మొదటి నెల ఊరు బాగుపడింది కూడా. ఫోను చెవిన పెట్టుకుని బండి తోలేవాళ్ళందర్నీ పట్టుకున్నారు. రెండో నెలకి జనం ఫోన్లు డిక్కీలో పెట్టి తాళం వేసుకోవడం మొదలుపెట్టారు. గవర్రాజు వెయ్యి దణ్ణాలు పెట్టుకున్నాడు.

చిక్కంతా 'సర్వవిధముల' అన్న మాటతో వచ్చింది. తాగుబోతు కేసులు నెలకి నలభై వస్తుంటే పరధ్యానం కేసులు నాలుగే వస్తున్నాయి, సర్వవిధముల సమానత్వము ఎక్కడ ఉన్నది, ప్రగతి కుంటుపడుటకు గల కారణములు తెలుపవలెను అని పైనుంచి కాగితం వచ్చింది. జనం మారిపోయారని రాస్తే అది కారణం కిందికి రాదని పరాత్పరరావుగారికి ఇన్నేళ్ళ సర్వీసులో తెలుసు. కాబట్టి పరధ్యానాన్ని వెతకడం మొదలుపెట్టారు. బండి మీద వేరుశనక్కాయలు తినేవాళ్ళని పట్టుకున్నారు. సినిమా పోస్టరు వైపు తల తిప్పినవాళ్ళని పట్టుకున్నారు. వెనక కూర్చున్న భార్య మాటకి 'ఊఁ' కొట్టినవాళ్ళని పట్టుకున్నారు. 'ఊఁ' కొట్టనివాళ్ళని ఇంటి దగ్గర భార్యలు పట్టుకున్నారు. అయినా నలభై నిండలేదు. అప్పుడు సర్క్యులర్ నంబరు తొమ్మిది వచ్చింది. పరధ్యానం చేతిలో ఉండదు, మనసులో ఉంటుంది, కనుక ఇకమీదట మనసునే పట్టుకోవలెను అని దాని సారాంశం.

గవర్రాజుని ఆపినవాడు హెడ్ కానిస్టేబుల్ ఏసుపాదం. ఇద్దరికీ ఇరవై ఏళ్ళ పరిచయం.

"బండి పక్కకి తియ్యి గవర్రాజూ."

"ఏంటండి హెడ్డుగారూ? కాయితాలన్నీ ఉన్నాయండి."

"కాయితాలు ఎవడిక్కావాలి! ఎందుకు నవ్వేవు?"

"నేనాండీ?"

ఏసుపాదం ఫొటో చూపించాడు. గవర్రాజు తన నవ్వు చూసుకుని సిగ్గుపడ్డాడు.

"నవ్వితే తప్పేంటండి బాబూ?"

"నవ్వితే తప్పు కాదు. ఒక్కసారి ఆ రోడ్డు చూడు. ఆ గుంత చూడు. దాని పక్కన పొంగుతున్న డ్రైనేజీ చూడు. రోడ్డు మీద దృష్టున్నోడికి ఏడుపొస్తాది గాని నవ్వొస్తాదా? నవ్వొచ్చిందంటే నీ మనసిక్కడ లేనట్టే. ఇది నా మాట కాదు, సర్క్యులర్లో ఉంది."

తర్వాత పరీక్ష పెట్టాడు. దాటి వచ్చిన మూడో కొట్టు పేరేమిటని అడిగాడు. గవర్రాజు తడుముకోకుండా చెప్పాడు. ఆ కొట్టు ముందు ఎన్ని బిందెలు వేలాడుతున్నాయో కూడా చెప్పాడు.

ఏసుపాదం విచారంగా తలాడించాడు. "చూసేవా మరి! బండి నడుపుతా బిందెలు లెక్కెట్టేవు."

"తెల్దంటేనోండి?"

"తెల్దంటే ధ్యాస లేదని రాద్దును. ఆ గడి వేరే ఉంది." కాగితం బోర్లించాడు. "ఇప్పుడు అసలు ప్రశ్న. తాగినోళ్ళయితే హాయి, గొట్టంలో ఊదేసి ఊరుకుంటారు. నీకా సౌకర్యం లేదు, నోటితో చెప్పాలి. వాహనము నడుపుచుండగా నీ మనస్సు ఏ స్థలమందున్నది? ఆ స్థలమందు మరెవరైనా ఉన్నారా?"

గవర్రాజు కొబ్బరికాయల వైపు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

చెప్పడానికి వీల్లేని విషయం అది. అతని భార్య మంగాయమ్మ మహిళా సంఘం కార్యదర్శి. చురుకైన మనిషి, మాట కచ్చితం, మొహం ఇంకా కచ్చితం. నాలుగు రోజుల క్రితం రిటైరైన హెడ్మిస్ట్రెస్ సుందరీమణిగారికి సంఘం తరఫున సన్మానం పెట్టింది. మూడు రోజులు అద్దం ముందు ఉపన్యాసం వల్లె వేసింది. తీరా వేళకి, రెండు వందలమంది ముందు, మైకు సరిచేసుకుని, "ఇప్పుడు మనమందరం కలిసి మన హెడ్మిస్ట్రెస్ గారికి ఘనంగా శ్మశానం చేసుకుందాం. దయచేసి పెద్దలు వేదిక మీదికి రావాలి" అంది. అప్పటికే శాలువా కప్పించుకుని ఉన్న సుందరీమణిగారు కుర్చీలో ఒకసారి కదిలారు.

ఎవరూ నవ్వలేదు. మంగాయమ్మ ఎదురుగా ఉండగా నవ్వే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ఈ ఇంట్లో ఆ మాటెత్తినా, ఎవరి పన్ను బయటికి కనపడినా, నేను పుట్టింటికెళ్ళిపోతాను" అని ప్రకటించింది. ఇంట్లో ఉండేది గవర్రాజు ఒక్కడే. నాలుగు రోజులుగా పళ్ళు బిగించి అన్నం తింటున్నాడు. ప్రపంచంలో అతనికి నవ్వుకోవడానికి మిగిలిన చోటు ఆ ఆటో ముందు సీటొక్కటే. అక్కడ కెమెరా ఉంది.

"చెప్పలేనండి," అన్నాడు గవర్రాజు.

"వివరములు దాచెను," అని రాసుకున్నాడు ఏసుపాదం.

బండి స్టేషను ఆవరణలోకి వెళ్ళిపోయింది. లైసెన్సు కవరులోకి వెళ్ళిపోయింది. గవర్రాజుని డీఎస్పీగారి ముందు నిలబెట్టారు. పరాత్పరరావుగారు మంచివారే. ఎవరినీ తిట్టరు. ఎదుటివాడు నిద్రపోయేదాకా వివరిస్తారు.

"చూడు నాయనా, మనస్సు అనునది వాహనములోని అతి ముఖ్యమైన విడిభాగము. టైరుకి తనిఖీ ఉన్నది, బ్రేకుకి తనిఖీ ఉన్నది. మనస్సుకి ఇంతవరకు తనిఖీ లేకపోవుట రవాణా వ్యవస్థలోనే పెద్ద లోపము. ఆ లోపమును సరిదిద్దుటలో నీవంటి పౌరుల సహకారము వాంఛనీయము. ఏమి తలచుకుని నవ్వితివి?"

గవర్రాజుకి ఒక్కటే దారి కనిపించింది. "అయ్యా, నేను తాగేనండి."

గదిలో కలాలు ఆగిపోయాయి.

"తాగితివా?"

"ఆయ్. చాలా తాగేనండి. మత్తులో నవ్వొచ్చిందండి. తాగుడు కేసే రాసుకోండి."

"ఏ సరుకు?"

పుట్టి బుద్ధెరిగాక మజ్జిగ కంటే ఘాటైంది తాగని గవర్రాజు గోడవైపు చూశాడు. "ఎర్రగా ఉంటాదండి. సీసాలో పోస్తారండి."

గొట్టం తెచ్చి ఊదించారు. ఊదీ ఊదీ గవర్రాజు చెవులు ఎర్రబడ్డాయి గాని మీటరు మీద సున్నా కదల్లేదు. పరాత్పరరావుగారు ఆ సున్నాని చాలాసేపు చూసి, వేళ్ళు ఒకదానిలో ఒకటి పెట్టుకున్నారు.

"తాగకుండానే తాగినట్లు భావించుకొనుట. ఇంతకంటే స్పష్టమైన పరధ్యానము నా సర్వీసులో చూడలేదు. ఏసుపాదం, రెండవ కేసు రాయుము."

శుక్రవారం పొద్దున్నే నోటీసు మంగాయమ్మ చేతికి వచ్చింది. అందులో ఇలా ఉంది: 'మీ భర్త ఫలానా తేదీన వాహనములో ఒంటరిగా నవ్వుచు పట్టుబడెను. కారణము అడుగగా దాచెను. ఆ స్థలమందు మరెవరైనా ఉన్నారా అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేదు. కావున ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు మునిసిపల్ కల్యాణ మండపములో తాము హాజరు కావలెను.'

మంగాయమ్మ రెండుసార్లు చదివి, మడతపెట్టి, కూరగాయల కత్తి కింద పెట్టింది.

"ఎవరది?" అంది.

"ఎవరూ లేరే."

"లేకుండానే నవ్వేవా? మనకి పెళ్ళై ఇరవయ్యారేళ్ళైంది. నన్ను తల్చుకుని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అలా నవ్వేవా?"

ఆ ప్రశ్నకి గవర్రాజు దగ్గర చక్కటి జవాబుంది. అది చెబితే సంసారం మిగలదు. చెప్పకపోయినా మిగిలేలా లేదు. మంగాయమ్మ సాయంత్రానికల్లా ముగ్గురిని అనుమానించి ఇద్దర్ని జాబితాలోంచి కొట్టేసింది. పాలకేంద్రం పార్వతీశం గారి మరదలు మిగిలింది. శనివారం ఆవిడ పాపం మామూలుగా, "వదినా, బాగున్నారా?" అంటే, మంగాయమ్మ, "ఇంకా ఉన్నానమ్మా," అని జవాబిచ్చింది.

ఆదివారం కల్యాణ మండపం నిండిపోయింది. ఎడమవైపు తాగి పట్టుబడ్డవాళ్ళు, కుడివైపు ఆలోచించి పట్టుబడ్డవాళ్ళు, మధ్యలో తాడు. ఎడమవైపువాళ్ళు ఈ సమానత్వం మీద చాలా కినుకగా ఉన్నారు. పైడియ్య అనే ఆయన అయిదోసారి వచ్చాడు, కౌన్సెలింగులో చెప్పబోయేదంతా ఆయనకి కంఠతా వచ్చు. తాడు మీంచి వంగి గవర్రాజుతో అన్నాడు.

"మాకో పద్ధతుందయ్యా. ఎంత తాగేమో మీటరు చెప్తాది, మేం ఒప్పుకుంటాం. మీలో ఒక్కడైనా ఏం ఆలోచించేడో నిజం చెప్పేడా? మీ పక్కన కూర్చోవద్దని మా ఆవిడ దారి పొడుగునా చెప్పి మరీ తీసుకొచ్చింది."

వేదిక మీద డీఎస్పీగారు, ఆయన పక్కన స్వచ్ఛందంగా హితబోధ చెయ్యడానికి వచ్చిన పెద్దలు కూర్చున్నారు. ఆ పెద్దల్లో సుందరీమణిగారిని చూడగానే గవర్రాజు తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు.

ముందు ఒక గుమాస్తాని పిలిచారు. బండి మీద వెళుతూ గ్యాసు బండ అయిపోయిందేమోనని ఆలోచించానన్నాడు. "ఇంట్లో ఉండగా రాని ఆలోచన బండి మీదొచ్చిందా?" అని ఆయన భార్య అక్కడే ఏడ్చింది. తర్వాత ఒక లెక్చరరు వచ్చి, తానసలు ఏమీ ఆలోచించలేదన్నాడు.

"ఏమియునూ?" అన్నారు డీఎస్పీగారు.

"ఏమీ లేదండి. ఖాళీ."

"విడిభాగము లేకుండానే వాహనము నడిపినారు. ఆరు నెలలు."

మూడో పేరు గవర్రాజుది. అతను వెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. మంగాయమ్మ హ్యాండుబ్యాగు రెండు చేతులతో పట్టుకుని పక్కన నిలబడింది. ఆవిణ్ణి చూసి తాడుకి అటూ ఇటూ మాటలు ఆగిపోయాయి.

"అయ్యగారూ, తమరి చెవిలో చెప్తానండి," అన్నాడు గవర్రాజు.

"చెవిలో చెప్పుటకు నిబంధనలు లేవు. మైకులో చెప్పవలెను."

"చెప్పవయ్యా," అంది మంగాయమ్మ. గొంతు వణికింది. గవర్రాజు ఇరవయ్యారేళ్ళలో ఆ గొంతు వణకడం వినలేదు. "పేరు చెప్పేసెయ్. తర్వాత నా దారి నేను చూసుకుంటాను."

అప్పుడు గవర్రాజుకి లైసెన్సు మాట, బండి మాట, పుట్టింటి మాట అన్నీ పోయి, ఈవిడ నిజంగానే ఏడవబోతోందన్నది ఒక్కటే మిగిలింది.

"పేరు మంగాయమ్మండి," అన్నాడు మైకులో.

"ఏ మంగాయమ్మ?" అంది మంగాయమ్మ.

"నువ్వేనే. నీ గురించే నవ్వేను. వారం రోజుల్నించీ నీ గురించే నవ్వుకుంటున్నాను. ఇంట్లో నవ్వితే ఎల్లిపోతానన్నావు, అందుకని బండిలో నవ్వుకున్నాను. మరి నువ్వేమో మైకు పట్టుకుని, హెడ్మిస్ట్రెస్ గారికి ఘనంగా..." ఆ మాట దగ్గరికొచ్చేసరికి వారం రోజులు బిగబట్టింది ఒక్కసారి తన్నుకొచ్చింది. పొట్ట పట్టుకుని, మైకు స్టాండు పట్టుకుని, ఎలాగో పూర్తి చేశాడు. "ఘనంగా శ్మశానం చేసుకుందాం, పెద్దలు వేదిక మీదికి రండన్నావు!"

అందరూ మంగాయమ్మ వైపు చూశారు. ఆవిడ మొహం రాయిలా ఉంది.

మొదట నవ్వింది సుందరీమణిగారు. చిన్నగా మొదలుపెట్టి, ఆపుకోలేక, టేబులు మీద తల పెట్టేసుకున్నారు. "అమ్మా మంగా, ఏమీ అనుకోకు. ఆ రోజు నుంచీ తలుపేసుకుని నవ్వుతున్నాను. ఆ శాలువా చూస్తే చాలు, నాకు నవ్వాగట్లేదు."

మంగాయమ్మ పెదవి కొస ఒక్కటి కదిలింది. హ్యాండుబ్యాగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బ్యాగు వెనక భుజాలు కదలడం మొదలయ్యాయి. అది చూశాక ఇంక ఎవరికీ అడ్డులేకపోయింది. తాడుకి ఎడమవైపు, కుడివైపు, వెనక నిలబడ్డ కానిస్టేబుళ్ళు, వంటగదిలో టీ కాచేవాళ్ళు, మండపం మొత్తం కూలిపోయేలా నవ్వింది. ఏడ్చిన గుమాస్తా భార్య గుమాస్తా భుజం మీద పడి నవ్వింది. పైడియ్య తాడుతో సహా కిందపడ్డాడు.

పరాత్పరరావుగారు ఒక్కరే నవ్వలేదు. లేచి నిలబడి, గొంతు సవరించుకుని, ఉత్తర్వు చెప్పారు.

"ప్రస్తుత సభలో ఉన్నవారెవ్వరూ వాహనము నడుపుటకు యోగ్యమైన స్థితిలో లేరు. తాళములన్నియు స్వాధీనము చేసుకొనుడు. ప్రతివారి ముఖమును పరిశీలించి, నవ్వు పూర్తిగా దిగినదని హెడ్ కానిస్టేబుల్ ధ్రువీకరించిన పిమ్మటే బండి ఇవ్వవలెను."

ఏసుపాదం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొదటాయన వచ్చి మొహం బిగించి నిలబడ్డాడు. ఏసుపాదం ఆ మొహం చూశాడు. ఆ మొహం ఏసుపాదాన్ని చూసింది. ఇద్దరూ పకపకా నవ్వేశారు. పదకొండుమందితో ఇలాగే జరిగాక అందరూ బళ్ళు వదిలేసి నడక మొదలుపెట్టారు.

"జన్మలో మొదటిసారి తాగకుండా వచ్చేను," అన్నాడు పైడియ్య వెళుతూ, "ఇయాళ కూడా కేసే!"

డీఎస్పీగారి జీపు డ్రైవరు కూడా కిటికీలోంచి అంతా విన్నాడు. అయ్యగారికి తలుపు తీస్తూ కిసుక్కుమన్నాడు. అక్కడికక్కడే లైసెన్సు పోయింది. పరాత్పరరావుగారు తానే స్టీరింగు ముందు కూర్చుని, ఫోను తీసి, పైఅధికారికి కలిపి, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నారు. "ఒక్క సిట్టింగులో నూటపన్నెండు కేసులు సార్. అవును సార్, నలభై లక్ష్యం దాటిపోయింది సార్," అంటూ జీపుని వెనక్కి పోనిచ్చి మండపం ముందున్న స్వాగత కమానుని పడగొట్టి, అది తెలియకుండానే రోడ్డెక్కి వెళ్ళిపోయారు. జీపు గేటు దాటుతున్నప్పుడు ఏసుపాదం లేచి సెల్యూటు చేశాడు. అలవాటు కొద్దీ ఆయన మొహం కూడా పరిశీలించాడు. తర్వాత కూర్చుని రిజిస్టరులో రాశాడు: 'ముఖము గంభీరముగా నున్నది. పరధ్యానము లేదు. కమాను సరిగా నిలబడలేదు.'

గవర్రాజు లైసెన్సు మూడు నెలలు సస్పెండ్ చేశారు. కౌన్సెలింగుకి హాజరయ్యాడని బండి మాత్రం వదిలారు. బండి తిరక్కపోతే పొయ్యి వెలగదు. ఆ సంగతి మంగాయమ్మ ఒక్క పూట ఆలోచించింది.

"నేర్పించు," అంది.

పెరట్లో, పుంత దారిలో, మార్కెట్ యార్డు ఖాళీ స్థలంలో వారాల తరబడి నేర్చుకుంది. గేరు మార్చినప్పుడల్లా గేరుని కోప్పడింది. పరీక్ష రోజున ఇనస్పెక్టరు కొత్త నిబంధనల ప్రకారం బండి నడపమని అడగలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, ప్రభుత్వం ఆమోదించిన హాస్య సంఘటనలు అయిదు చదివి వినిపించాడు. నాలుగోది చదువుతూ ఆయనకే నవ్వొచ్చింది. మంగాయమ్మ కనురెప్ప వెయ్యలేదు. జిల్లాలో ఇంతవరకూ ఇలాంటి డ్రైవరు లేరని రాసి సంతకం పెట్టాడు.

ఇప్పుడు వేమవరపుపేటలో కొబ్బరికాయల ట్రాలీ ఆటో మంగాయమ్మే నడుపుతుంది. ఆవిడ వస్తుంటే కెమెరాలు కూడా తల తిప్పుకుంటాయని జనం అంటారు. గవర్రాజు పక్కన ఇరుక్కుని కూర్చుంటాడు. మొదటిరోజు గడియారస్తంభం దగ్గరికి రాగానే అతనికి మళ్ళీ నవ్వు తన్నుకొచ్చింది. భయపడి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మంగాయమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఎందుకయ్యా ఆ బాధ? నవ్వెయ్యి. నీకు లైసెన్సు లేదు కదా."

మూడు నెలలు దాటిపోయాయి. లైసెన్సు తీసుకెళ్ళమని స్టేషన్ నుంచి గవర్రాజుకి రెండుసార్లు కబురొచ్చింది. అతను ఇంకా వెళ్ళలేదు.